వంపు తెర కొనేవారికి పాతబస్తీ చిట్కాలు

గేమింగ్ మానిటర్ కొనాలనుకున్నారా? ముందుగా, గది కొలవకండి. మొగల్‌పురాలోనో యాకుత్‌పురాలోనో మీ గదిలో బల్ల ఎక్కడ పడుతుంది, కుర్చీ ఎంత వెనక్కి జరుగుతుంది అని లెక్కలేస్తూ కూర్చుంటే కొన్నట్టే. సరాసరి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి పోయి, అట్టపెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అంకెలున్నది ఎత్తుకోండి. ఆ అంకెలేమిటని మాత్రం అడగొద్దు.

ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోవాల్సిన సంగతి ఇది. 1500ఆర్ అంటే, ఆ వంపును అలాగే సాగదీసి పూర్తి వలయం చేస్తే దాని వ్యాసార్ధం 1500 మిల్లీమీటర్లు, అంటే మీటరున్నర. 1000ఆర్ అయితే ఒక్క మీటరే. అంకె తగ్గేకొద్దీ వంపు పెరుగుతుంది. ఆ వలయం నడిమధ్యన ఒక మనిషి కూర్చుంటే తెర అంచులూ మధ్యభాగమూ అతని కంటికి సమానదూరంలో ఉంటాయి. ఒక్క మనిషట! ఇద్దరు తమ్ముళ్లు, మేనమామ కొడుకు, పక్కింటి పిల్లగాడు ఎక్కడికి పోవాలి? అందర్నీ చెరో పక్కన మంచం మీద సర్దండి. వాళ్లకు దగ్గరి అంచు సన్నబడి, రంగులు పాలిపోయి కనిపిస్తే, ఆట అలాంటిదేనని చెప్పండి.

తేవడానికి స్కూటీ చాలు. పెట్టె అడ్డమొస్తుంది కనుక అక్కడే విప్పి పారేసి, మానిటర్‌ను దుప్పట్లో చుట్టి వెనక కూర్చున్నవాడికి ఇవ్వండి. తెరవైపు ఛాతీకి ఆనించి గట్టిగా పట్టుకోమనండి. ట్యాంక్‌బండ్ దాకా హాయిగానే ఉంటుంది. అఫ్జల్‌గంజ్‌లో సిటీ బస్సు అడ్డం తిరుగుతుంది, నయాపూల్ దాటి మదీనా చేరేసరికి తోపుడుబండ్లు. బ్రేకు పడ్డప్పుడల్లా వాడి పది వేళ్లూ తెరలోకి దిగుతాయి. ఇంటికొచ్చి వెలిగించగానే కనిపించే నిలువు గీత కంపెనీవాళ్లు ముచ్చటపడి పెట్టిందే అనుకోండి.

పెట్టెలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఎలాగూ పెట్టెతోపాటు పోయింది. పాత సెట్‌టాప్ బాక్సు తీగ ఉండనే ఉంది. 2560 బై 1440 తెరకు హెచ్‌డీఎంఐ 1.4 దారిలో 75 హెర్ట్జ్ దాటడమే కష్టమన్నది చాదస్తుల మాట. అసలు విండోస్ చాలాసార్లు 60 దగ్గరే ఆగి ఉంటుంది. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి మార్చుకోవాలి. మీరు వెళ్లకండి. 60 హెర్ట్జ్‌లో బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి మారుతుంది, 165లో దాదాపు 6 మిల్లీసెకన్లకోసారి. సాలార్‌జంగ్ మ్యూజియం గడియారంలో గడ్డపాయన గంటకోసారి వచ్చి కొట్టిపోతాడు, దానికే జనం ముందుగా వచ్చి చోటు పట్టుకుని కూర్చుంటారు. మీకు సెకనుకు అరవైసార్లు చాలవా?

రంజాన్ రాత్రుల్లో సహరీ దాకా ఆడేవాళ్లకు ప్రత్యేక చిట్కా. లైట్లన్నీ ఆర్పేసి బ్రైట్‌నెస్ నూటికి పెంచండి. వంపు తెరల్లో చాలావాటిలో ఉండేది వీఏ ప్యానెల్. నలుపు బాగా చిక్కగా చూపిస్తుంది గానీ చీకటి దృశ్యాల్లో కదిలేవాటి వెనక మసక తోకలు మిగులుతాయి. ఓవర్‌డ్రైవ్‌ను చిట్టచివరి మెట్టుకు తోసేయండి. నల్ల తోకలు పోయి తెల్ల తోకలొస్తాయి. మార్పు మార్పే. కళ్లు మండితే రోజ్‌వాటర్ చల్లుకుని కానివ్వండి.

దుమ్ము పడితే అద్దాలు తుడిచే స్ప్రే నేరుగా తెర మీద కొట్టి, బనియన్ ముక్కతో రుద్దండి. మ్యాట్ పూత లేచిపోయి అక్కడక్కడా మెరుపొస్తుంది.

ఇంతా చేశాక కూడా ఆట 40 ఫ్రేముల దగ్గరే ఈడుస్తోందా? పాత గ్రాఫిక్స్ కార్డు అంతకన్నా గీయలేదనీ, అది గీయని ఫ్రేములను మానిటర్ ఎక్కణ్నుంచో తేలేదనీ మీ మేనమామ కొడుకు అంటాడు. వాడికేం తెలుసు. తక్కువైంది హెర్ట్జే. 240ది ఎంతకిస్తారో ఫోన్ చేసి కనుక్కోండి. గీత పడ్డది తమ్ముడికిచ్చేయండి. పక్కనుంచి చూడ్డం వాడికి ఈపాటికి అలవాటైపోయి ఉంటుంది.