శాతాల కోడిపందెం

బడ్జెట్ రోజులొచ్చాయంటే టీవీ చర్చల్లో ఒక పట్టిక ప్రత్యక్షమవుతుంది. సేవారంగం వాటా అమెరికాలో 80 శాతం దరిదాపు, బ్రిటన్‌లోనూ అంతే, చైనాలో 55 దగ్గర, భారత్‌లోనూ 55 దగ్గర. పట్టిక ఇంకా తెర మీద ఉండగానే ఒక మేధావి గొంతు సవరించుకుని, చైనాను అందుకున్నామని ప్రకటిస్తాడు. ఇక మిగిలింది అమెరికా ఒక్కటే అన్నట్టు యాంకరు తలూపుతాడు.

బరిలోకి దించిన రెండు కోళ్లనూ ఒకే తక్కెడలో తూచారా అని అడిగే నాథుడు ఉండడు. తూచలేదు. భారత్ చెప్పుకునే 55 స్థూల అదనపు విలువలో, అంటే జీవీఏలో వాటా. చైనా 55 జీడీపీలో వాటా. సబ్సిడీలు పోగా మిగిలే పరోక్ష పన్నులు కూడా జీడీపీలో కలుస్తాయి కాబట్టి భాగించే సంఖ్య పెరుగుతుంది, వాటా తగ్గుతుంది. అన్ని దేశాలనూ జీడీపీతోనే కొలిచే ప్రపంచ బ్యాంకు పట్టికలో భారత్ 50కి అటూఇటూ, బ్రిటన్ 70 పైచిలుకు. పందెం గెలిచామని చేసిన హడావుడంతా జీఎస్టీ పుణ్యమేనని తేలితే ఆ మేధావి ఏమంటాడో చూడాలి.

తక్కెడ సరిచేసినా తంటా తీరదు. 2005 డిసెంబరులో చైనా తన తొలి ఆర్థిక గణన ఫలితాలు బయటపెట్టింది. అంతవరకు లెక్కకు అందని చిన్న దుకాణాలు, హోటళ్లు, రవాణాదారులు లెక్కలోకి వచ్చారు. 2004కి సేవల వాటా 31.9 శాతమనుకుంటే అది కాస్తా 40.7 అయింది. దాని కోసం ఆ రోజు కొత్తగా ఒక్క నూడుల్స్ బండీ వెలవలేదు. 2014 ఏప్రిల్లో నైజీరియా 1990 నాటి ఆధార సంవత్సరాన్ని 2010కి మార్చుకునేసరికి జీడీపీ 89 శాతం ఉబ్బింది. సినిమాలు, సెల్‌ఫోన్లు లెక్కకెక్కి సేవల వాటా సగం దాటింది. తెల్లారేసరికి దక్షిణాఫ్రికాను మించిన ఆర్థిక వ్యవస్థ అయింది.

ఐర్లండ్‌ది తిరగబడ్డ కథ. 2015లో అక్కడ జీడీపీ, తొలి లెక్కల ప్రకారం, 26 శాతం పెరిగింది. బహుళజాతి సంస్థలు మేధోసంపత్తి హక్కులను ఆ దేశపు చిరునామాకు మార్చుకోవడంతో, వేరే దేశాల్లో తయారైన సరుకు కూడా ఐర్లండ్ పరిశ్రమ ఖాతాలో పడింది. దాంతో పరిశ్రమ వాటా ఎగిసి, సేవల వాటా పడిపోయింది. పట్టికను నమ్మేవాడు డబ్లిన్ ఆ ఏడాది కొలుములు రాజేసి ఫ్యాక్టరీల ఊరుగా మారిందనుకోవాలి.

అన్నింటికన్నా రుచికరమైనది లండన్ కథ. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ కూలింది. అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం పెద్ద పెద్ద బ్యాంకుల్లో ప్రజాధనం పోసి ఊపిరి నిలిపింది. అదే ఏడాది చివరి త్రైమాసికంలో, జాతీయ లెక్కల ప్రకారం, ఆర్థిక సేవల రంగం రికార్డు వేగంతో పెరిగింది! ఆ వింతను తర్వాత ఎత్తిచూపినవాడు అప్పట్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లోనే పనిచేస్తున్న ఆండ్రూ హాల్డేన్. బ్యాంకు చేసే చాలా సేవలకు విడిగా బిల్లుండదు కాబట్టి, అప్పుల మీద, డిపాజిట్ల మీద ఉండే వడ్డీల మధ్య తేడానే సేవ విలువగా కడతారు. అప్పు తిరిగొస్తుందో రాదోనన్న భయంతో వడ్డీ పెంచితే తేడా పెరుగుతుంది, ‘సేవ’ కూడా పెరుగుతుంది. ఆ లెక్కన బ్యాంకరు గుండె ఎంత గట్టిగా దడదడలాడితే దేశం అంత అభివృద్ధి చెందినట్టు.

ఇంతదూరం పోనక్కర్లేదు. పటాన్‌చెరులో ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా ప్లాస్టిక్ కుర్చీలో ఒక సెక్యూరిటీ గార్డు కూర్చుని ఉంటాడు. లారీ రాగానే లేచి, నంబరు రిజిస్టర్లో రాసుకుని, గేటు తీస్తాడు. జీతం కంపెనీయే ఇస్తే అతను తయారీ రంగం. ఆ పనిని ఏజెన్సీకి అప్పగిస్తే, మర్నాటి నుంచి అదే కుర్చీలో, అదే రిజిస్టరుతో సేవారంగం. క్యాంటీను, తోటపని, లారీలు కూడా కాంట్రాక్టుకిచ్చేస్తే అమెరికాకు మరో నాలుగడుగులు దగ్గరవుతాం. అతని చేతికొచ్చేది తగ్గిందా పెరిగిందా అన్న గడి ఆ పట్టికలో లేదు.

సేవల వాటాయే అభివృద్ధికి కొలమానమైతే ఆఫ్రికాలోని జిబూటీని చూడాలి. అక్కడ ఆ వాటా ముప్పాతికకు పైనే. ఒక రేవు, ఇథియోపియాకు పోయే సరుకు, అమెరికా, చైనా, ఫ్రాన్స్, జపాన్, ఇటలీల సైనిక స్థావరాలు చెల్లించే అద్దె: ఆ దేశపు బతుకుతెరువు చాలావరకు ఇంతే. జర్మనీ వాటా, ప్రపంచ బ్యాంకు లెక్కలో, 60 పైచిలుకే. పాపం జర్మన్లు కార్లు, యంత్రాలు చేసుకుంటూ వెనకబడిపోయారు; నలుగురు ఇంజనీర్లను శిక్షణకు జిబూటీ పంపితే బాగుపడతారేమో.

ఈ పందేనికి మన రెండు రాష్ట్రాలనూ దించుతున్నారు. తెలంగాణ 65 దగ్గర, ఆంధ్రప్రదేశ్ 40 పైచిలుకు, కాబట్టి తెలంగాణ ‘అభివృద్ధి చెందిన దేశాల సరసన’. అమెరికాలో పనిచేసేవాళ్లలోనూ ప్రతి పదిమందిలో ఎనిమిది మంది దాకా సేవల్లోనే ఉన్నారన్న సంగతి మాత్రం దాటవేస్తారు. 2023-24 శ్రామిక సర్వే ప్రకారం భారత్‌లో సేవల్లో ఉన్నది నూటికి 30 మంది; పొలాల్లో, పశువుల దగ్గర, చెరువుల మీద 46 మంది. ఉత్పత్తిలో సగం ఒకచోట, పనిచేసేవాళ్లలో దాదాపు సగం ఇంకోచోట ఉంటే దాన్ని సరసన కూర్చోవడం అనరు.

ఆంధ్ర వాటా తక్కువగా కనిపించడానికి ఒక కారణం అక్కడి చెరువులకు ఆదాయం రావడమే. భీమవరం చుట్టుపక్కల పెరిగిన వెనామీ రొయ్య ఐసులో చుట్టుకుని అమెరికా దాకా పోతుంది. రాత్రంతా ఏరియేటర్లు ఆగకుండా కాపలా కాసిన కుర్రాడి కష్టం వ్యవసాయం కింద పడుతుంది. ప్లాంటులో చేతులు మొద్దుబారేలా తలలు తీసిన ఆడవాళ్ల పని పరిశ్రమ కింద పడుతుంది. హ్యూస్టన్‌లో ఆ రొయ్యల్లోనే ఓ పదింటిని నిమ్మచెక్కతో ప్లేటులో పెట్టి తెచ్చిన వెయిటరు అమెరికా సేవారంగం. అతనికి ముట్టిన టిప్పు కూడా ఆ 80లోదే.