గుంట పూడ్చే హామీ సొమ్ముపై ఐదు తప్పుడు సలహాలు

దిండిలో వశిష్ఠ గోదావరి గట్టెక్కితే ఇటు కొబ్బరితోటలు, అటు చించినాడ వంతెన. మన కోనసీమ నేల కింద గ్యాసు, ఏట్లో ఇసుక. తీసుకెళ్ళేవాడు నేలను బాగుచేసి మరీ వెళ్ళాలి. అందుకు ముందుగానే హామీ సొమ్ము కట్టించుకోవాలి. వద్దని చెప్పే సలహాలు గట్టు మీద రోజూ వినపడుతున్నాయి. వాటిని వింటే ఊరూ చెడుతుంది, ఖజానా కూడా చెడుతుంది.

1. “రాయల్టీ కడుతున్నాడుగా, మళ్ళీ హామీ ఎందుకు?”
రాయల్టీ సరుకు వెల. గుంట పూడ్చే ఖర్చు అందులో లేదు. నెలనెలా అద్దె వస్తుంది కదా అని ఇల్లిచ్చేటప్పుడు అడ్వాన్సు వదులుకుంటామా?

2. “హామీ పెంచితే వేలంలో పాట పడిపోతుంది.”
కొంత తగ్గవచ్చు. కానీ తవ్వినవాడు చేతులెత్తేస్తే ఆ పని మన పన్నులతోనే చేయించాలి. ఈ రోజు పాటలో మిగిలింది రేపు మరమ్మతులో పోతుంది. ఏ-కేటగిరీ గనులకు హెక్టారుకు 2003లో 25 వేల రూపాయలున్న హామీని కేంద్రం 2017లో 3 లక్షలు, 2021లో 5 లక్షలు చేసింది. పాత మొత్తాలు ఏ మూలకు సరిపోతాయి?

3. “ఆ సొమ్ము సర్కారు ఆదాయమే, రోడ్లకు వాడేయండి.”
హామీగా ఇచ్చే బ్యాంకు గ్యారంటీ ఆదాయం కాదు, తాకట్టు. పని పూర్తయితే విడిపించాలి, కాకపోతే ఆ నేలకే ఖర్చుపెట్టాలి.

4. “గ్యాసు కంపెనీలు దాచే సొమ్ముకు పన్ను మినహాయింపు ఖజానాకు గండి, ఎత్తేయండి.”
1961 ఆదాయపు పన్ను చట్టం 33ఏబీఏ సెక్షన్, కేంద్రంతో ఒప్పందమున్న చమురు, గ్యాసు సంస్థలు స్థలం బాగుచేతకు దాచే సొమ్మును లాభంలో 20 శాతం వరకు మినహాయించింది. ఈ ఏడు పన్ను తగ్గే మాట నిజమే. అయితే ఆ డబ్బు వేరే పనికి మళ్ళిస్తే దాన్ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. 1995 జనవరిలో మన పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ మంట చూసిన ఊళ్ళకు ముందుజాగ్రత్త విలువ వేరే చెప్పాలా?

5. “ఇసుకదేముంది, వరదొస్తే ఏరే నింపుకుంటుంది.”
ఎగువ ఆనకట్టల వెనక ఇసుక, ఒండ్రు ఆగిపోతున్నాయి. అడ్డగోలుగా తోడితే గట్లు కోసుకుపోతాయి, లంకలు ఏట్లో కలుస్తాయి, ఉప్పునీరు పైకెక్కుతుంది. ఇసుక చిన్నతరహా ఖనిజం కనుక కేంద్రం పెట్టిన హెక్టారు హామీ దానికి వర్తించదు, బాధ్యత రాష్ట్రానిదే. 2024 జూలై 8 నుంచి ఇసుక ఉచితమైంది. రాబడి పోయినా గట్ల మరమ్మతు ఖర్చు పోదు. ఇసుక అక్రమ తవ్వకాలపై 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మన రాష్ట్రాన్ని 100 కోట్లు కట్టమంది. తవ్వినవాడి తప్పుకు బిల్లు ప్రభుత్వం పేరనే వచ్చింది.

అందుకే ఈసారి గ్రామసభలో తవ్వకం మాటొస్తే లేచి మూడే ప్రశ్నలు అడగండి: హామీ ఎంత? ఏ బ్యాంకులో ఉంది? గడువు ఎప్పటివరకు? గడువు దాటిన గ్యారంటీ కాగితం ఒక్క గుంటనూ పూడ్చదు.