నేను ఐస్‌క్రీం పుల్లను కాను

చూసిన ప్రతివాళ్ళూ నన్ను ఐస్‌క్రీం పుల్ల అంటారు. కాను. డాక్టరు నాలుక నొక్కి గొంతు చూసే చెక్కపుల్లను. మందం రెండు మిల్లీమీటర్లయినా ఉండదు. ఆ పలచదనం వల్లే నాకీ కొలువు దొరికింది. మమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, టేపు చుట్టి, నోరు సాగేందుకు ఒకావిడ పక్కపళ్ళ మధ్య పెడతారు. కట్ట వదులనిపిస్తే ఇంకో పుల్ల దూరుస్తారు. అలా మధ్యలో దూరినదాన్నే నేను.

ఆవిడకు స్క్లెరోడెర్మా. ఒంట్లో కొల్లాజెన్ అవసరానికి మించి పేరుకుని చర్మం బిగుసుకుపోయే జబ్బు, ఆడవాళ్ళలోనే ఎక్కువ. మొదట చలికి వేళ్ళు తెల్లబడి, నీలంగా మారేవట. తర్వాత పెదవులు పలచబడ్డాయి, నోరు చిన్నదైంది. పెద్దవాళ్ళ నోరు మామూలుగా 40 నుంచి 50 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. ఆవిడది 26. పానీపూరీ మానేసింది. చిదిపి తింటే అది పానీపూరీ ఎలా అవుతుంది, మీరే చెప్పండి!

తప్పంతా చర్మానిదే అనుకున్నారు ఇంట్లో. కానీ దవడ కీలుకీ అందులో వాటా ఉంది. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి చూడండి, కదిలేదే దవడ కీలు. ఈ జబ్బు కొందరిలో దవడ ఎముక కొసనూ, మూలనూ మెల్లగా కరిగించేస్తుంది. ఆవిడ ఆవలిస్తే కీలు టక్కుమనేది, ఇడ్లీ నమిలినా నొప్పి. చెవిపోటనుకుని చుక్కల మందు వేసుకుంది పాపం. చర్మం డాక్టరు చర్మాన్నీ, పళ్ళ డాక్టరు పళ్ళనీ చూశారు. ఎక్స్‌రే తీశాక గానీ మధ్యలో ఉన్న కీలు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆవిడకు లాలాజలమూ తగ్గింది, అది తగ్గితే పళ్ళు పుచ్చుతాయి. వేళ్ళు వంగవు, బ్రష్ పట్టు దొరకదు. కూతురు పిల్లల బ్రష్ కొని, పిడికి గుడ్డ చుట్టి ఇచ్చింది.

సాధనకు ముందు వేడినీళ్ళ గుడ్డతో బుగ్గలు కాచుకుంటుంది. నన్ను నీళ్ళలో ముంచుతుంది, లేకపోతే ఆ ఎండిన పెదవికి అతుక్కుపోతాను. "అమ్మా, బలవంతం చెయ్యకు" అంటుంది కూతురు. నోట్లో కట్ట ఉంది కదా, చేత్తోనే జవాబు. కీలు సలిపే రోజున నన్ను డబ్బాలోంచి బయటికి తియ్యరు. జబ్బును నేనేమీ నయం చెయ్యను. సాధన మానేస్తే సంపాదించిన జాగా మళ్ళీ పోతుంది, అంతే.

వెనక దంతం పుచ్చింది. అద్దమూ డ్రిల్లూ కలిసి పట్టాలంటే ఇంకో రెండు పుల్లల చోటు కావాలన్నారు పళ్ళ డాక్టరుగారు. డబ్బాలో మావాళ్ళు చాలామందే ఉన్నారు.