మిలట్రీ ఆచారి బాడిస: ఒక ఆత్మకథ

బాడిస గొడ్డలికీ ఉలికీ నడుమ నిలిచే వడ్రంగి పనిముట్టు. గొడ్డలికి పదునైన అంచు కామ వెంబడి, అంటే చేత్తో పట్టుకునే కర్ర వెంబడి సాగుతుంది, బాడిసకు అదే అంచు కామకు అడ్డంగా ఉంటుంది. అందువల్ల గొడ్డలి మానును నరికి పడేస్తే, బాడిస ఆ దుంగను పొరలు పొరలుగా చెక్కి నాగటి దుంపగానో ఇరుసుగానో ద్వారబంధంగానో తేల్చుతుంది. వడ్రంగి నేల మీద కూర్చుని, కర్రను కాలివేళ్ళతో అదిమిపట్టి, పదునును తనవైపుకే దించుకుంటాడు కాబట్టి, చేతి లెక్క తప్పితే పోయేది వేళ్ళే. తన కథ చెప్పుకుంటున్న ఈ బాడిస కృష్ణదేవిపేటలో ఒక కమ్మరి కొలిమిలో, మెత్తటి ఇనుముకు అంచున ఉక్కు అతికించగా పుట్టింది. అది పుట్టింది తండ్రి కోసమైనా, ఎక్కువ కాలం పనిచేసింది కొడుకు చేతిలో. ఊరు ఆ కొడుకును మిలట్రీ ఆచారి అని పిలిచింది. ఈ బాడిస చెప్పుకోదగినదంతా ఆయన జీవితమే.

నర్సీపట్నం నుంచి మన్యానికి వెళ్ళే దారుల్లో, కొండలు మొదలయ్యే చోట ఉన్న ఊరు కృష్ణదేవిపేట. ఇక్కడ కర్రకు కరువు లేదు గాని కర్ర మీద హక్కుకు కరువు ఉండేది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవిని సర్కారు రిజర్వుగా మార్చి, పోడుకు, అంటే చెట్లు కొట్టి కాల్చిన చోట గింజ చల్లే కొండ సేద్యానికి, అడ్డుకట్టలు వేసింది. ఆ కట్టడికి రోడ్డు పనుల వెట్టి కూడా తోడై రగిలిన కోపమే అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో తిరుగుబాటైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన ఆ మూడు రోజుల గురించి ఆచారి తండ్రి చిన్నపిల్లవాడిగా విన్నాడు. 1924 మే 7న రాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. ఆయన సమాధి ఇదే ఊళ్ళో ఉంది. పోరాటమంటే ఏమిటో ఊళ్ళో పిల్లలకు విడిగా పాఠం చెప్పనక్కరలేదు. అయినా ఆచారి సైన్యంలోకి వెళ్ళింది ఆ కథలు విని కాదు. ఇంట్లో అప్పుంది, పెళ్ళి కావలసిన చెల్లెళ్ళున్నారు, 1962 చైనా యుద్ధం తరువాత సైన్యం కొత్తవాళ్ళను విరివిగా తీసుకుంటోంది.

1963లో ఆయన చేరింది మద్రాస్ శాపర్స్‌లో. శాపర్ అంటే సైన్యానికి దారులు వేసి, వంతెనలు కట్టి, శత్రువు పాతిన మందుపాతరలను ఏరివేసే ఇంజనీరింగ్ సిపాయి. 1780లో మొదలైన ఈ దళానికి బెంగుళూరులో అలసూరు చెరువు దగ్గర శిక్షణ కేంద్రం ఉంది; అక్కడ ప్రతి శాపర్‌కూ తుపాకీతో పాటు ఒక చేతిపని కూడా నేర్పుతారు, ఆ పనిలో పరీక్ష పెడతారు. వడ్రంగం ఇంట్లోనే నేర్చుకుని వెళ్ళినవాడికి ఆ పరీక్ష కష్టమనిపించలేదు. ఆయన సైన్యంలో ఉన్న కాలమంతా ఈ బాడిస చూరులో, తండ్రి చేతిలో గడిపింది. ఆయన యుద్ధాన్ని అది చూడలేదు. తెలిసినదల్లా ఆయన సెలవుల్లో వచ్చి నాగళ్ళు చెక్కుతూ తండ్రికి చెప్పిన మాటలే, అవీ కొన్నే.

ఆ కొన్నిటిలో బసంతర్ ఒకటి. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, శకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది దాటవలసిన ట్యాంకులకు మందుపాతరల నడుమ దారి చేసిన శాపర్ల వెంట ఆయన ఉన్నాడు. పాతరను చేత్తో వెతకవలసివచ్చినప్పుడు పొడుపు ఊచను నేలలోకి నిటారుగా గుచ్చకూడదని, ఏటవాలుగా, మెల్లగా దించాలని, అలా అయితేనే మొన పాతర పైభాగానికి కాక పక్కకు తగులుతుందని ఆయన చెప్పేవాడు. తగిలిన వాటి సంగతి ఎన్నడూ చెప్పలేదు. మిలటరీ ఆసుపత్రిలో కాళ్ళు పోయిన సాటివాళ్ళ గురించి మాత్రం చెప్పాడు. వాళ్ళు ఊతకర్రలతో నడవడం నేర్చుకుంటుంటే పక్కన నిలబడి చూశానన్నాడు. ఆ చూపు తరువాత ఎక్కడ అక్కరకొచ్చిందో ఈ బాడిసకు బాగా తెలుసు.

ఆయన చిన్నకూతురికి రెండో ఏట జ్వరం వచ్చి కుడికాలు చచ్చుబడింది. అది పోలియో, అంటే కండరాలను నడిపించే నాడీకణాలను చంపే వైరస్ జబ్బు. 1980లో పింఛనుతో ఇంటికి చేరిన ఆయన బాడిస పట్టి చేసిన మొదటి పని బండి కాదు, ద్వారం కాదు, ఆ పిల్లకు రెండు ఊతకర్రలు. ద్వారబంధానికి తెచ్చిన టేకులో మిగిలిన ముక్కలను వెలుగులో పెట్టి, ఈనె వంకర లేకుండా నిలువునా సాగిన వాటినే ఏరాడు. పిల్లను గోడకు నిలబెట్టి, కర్ర తల చంకకు రెండు వేళ్ళు కిందనే ఉండేలా గుర్తు పెట్టాడు. బరువు చంక మీద పడితే అక్కడి నరం నలిగి చేయి తిమ్మిరెక్కుతుందని, బరువంతా అరచేతి మీదే ఆనాలని ఆసుపత్రిలో విన్నది ఆయన మరిచిపోలేదు. అందుకే చేతిపిడిని మోచేయి కాస్త వంగేంత ఎత్తులో బిగించాడు. పైన దూది పెట్టి తల్లి పాతచీర చుట్టింది. పిల్ల ఎదిగేకొద్దీ ఏటా సంక్రాంతికి కొత్త కొలత, కొత్త జత. పాతవాటిని పొయ్యిలో పెట్టనిచ్చేవాడు కాదు, అటక మీద వరసగా పేర్చాడు. ఈ బాడిస అంతకంటే పెద్ద పనులెన్నో చేసింది గాని, అంత నిదానంగా, అంత పలచటి పేళ్ళు తీస్తూ చేసిన పని ఇంకొకటి లేదు.

1995లో పల్స్ పోలియో మొదలైంది. చుక్కల మందు వేసే రోజున ఆయన తెల్లవారకముందే లేచి వీధి వీధీ తిరిగి, పేరుపేరునా తల్లులను పిలిచి పిల్లలను తీసుకురమ్మనేవాడు. రానని మొండికేసిన ఇంటి ముందు తన కూతురిని పక్కన నిలబెట్టుకుని మాట్లాడేవాడు. అలా నిలబడడం ఆమెకూ ఇష్టమే.

మిగిలిన బతుకు బండిపనితో గడిచింది. ఎడ్లబండి చక్రంలో నడిమి మొద్దు నుంచి బయలుదేరే పన్నెండు ఆకులు, వాటి కొసలను కలిపే ఆరు పూటీలు, అంటే వంపు ముక్కలు, చుట్టూ కమ్మరి ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్ళు పోసి బిగించే ఇనుప పట్టా ఉంటాయి. ఆచారి చక్రం పల్లంలోనూ మెట్టలోనూ తిరిగింది. ట్రాక్టర్లు వచ్చి, తరువాత సిమెంటు ద్వారబంధాలు వచ్చి పని తగ్గిపోయినప్పుడు ఆయన గొణగలేదు; పింఛను డబ్బు కూతుళ్ళ చదువుకు, మంచాన పడిన భార్య మందులకు పెట్టి, చివరి ఏళ్ళలో ఆమెకు తానే అన్నం తినిపించాడు. భారతదేశంలో పోలియో లేదని 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించిన సంగతి టీచరైన చిన్నకూతురు పేపరులో చదివి వినిపిస్తే, మళ్ళీ చదవమన్నాడు.

ఆయన పోయాక ఈ బాడిస నర్సీపట్నంలో ఆ కూతురి ఇంటికి చేరింది. ఆమె ఇప్పుడు అల్యూమినియం కర్రలతో నడుస్తోంది. వాటి ఎత్తును మాత్రం దుకాణంవాళ్ళ లెక్కకు వదలక, చంకకు రెండు వేళ్ళు కిందికే సరిచేయించుకుంటుంది.