బడికి శాతం, పిల్లాడికి టీసీ

తెలుగు పేపరుకి నూటికి నూరు వేసే మహానుభావుణ్ణి ఒక్కసారి కళ్లారా చూడాలని ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాల్లో ఒకమ్మాయికి 600కి 600 వచ్చాయి. ఆ బిడ్డ కష్టపడి చదివింది, చల్లగా ఉండాలి. నా గొడవంతా దిద్దినవాళ్లతో. మా తెలుగు మాస్టారి దగ్గర ప్రతిపదార్థం పొల్లుపోకుండా రాసినా, గణాలు విడగొట్టి యతిస్థానం చూపించినా అరవై దాటేది కాదు. మిగతా నలభై ఏమయ్యాయండీ అని ఎవడో ధైర్యం చేసి అడిగితే, "అవి తిక్కనగారివిరా, నీకెలా ఇస్తాను?" అన్నారు. అలాంటాయనకి ఇవాళ ఉద్యోగం దొరకదు. దొరికినా, బడి శాతం పడగొట్టాడని మెమో చేతికిస్తారు.

ఈ 'బడి శాతం' అనే దాని మీదే నా కోపం. ఏప్రిల్ ఆఖర్లో ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరిస్తే వార్తల కోసం వెతుక్కోవాలి. పేజీ నిండా తపాలా బిళ్లంత ఫోటోలు, వాటి కింద అంకెలు. టీవీ పెడితే ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ గుక్క తిప్పుకోకుండా చదివే గొంతు. సాయంత్రానికి కరెంటు స్తంభాల మీద ఫ్లెక్సీలు. ఆ పైవారం పీఆర్వో అనే కుర్రాడు బైకు మీద వచ్చి, "అంకుల్, మీ మనవడు ఎనిమిదికి వచ్చాడు కదా, మా బ్రాంచిలో సీట్లు అయిపోతున్నాయి" అంటాడు. నా మనవడు ఎనిమిదికి వచ్చాడని వీడికెలా తెలుసో! మా రోజుల్లో పిల్లాణ్ణి బడిలో చేర్చుకోమని తండ్రి వెళ్లి హెడ్మాస్టరు ముందు నిలబడేవాడు. ఇప్పుడు ఆ బళ్లో పాఠం చెప్పే పంతుళ్లే ఎండాకాలమంతా ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగు చేయాలి. తేకపోతే జీతం ఆగుతుంది.

మా రోజులంటే ఎస్సెస్సెల్సీ రోజులు. 1969లో ఇంటర్మీడియట్ రాకముందు సంగతి. పదకొండో తరగతి చివర్న పబ్లిక్ పరీక్ష, అది గట్టెక్కితే పీయూసీ. ఎస్సెస్సెల్సీ పుస్తకమని ఒకటుండేది, అందులో పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, మార్కులు. ఫలితాలు పేపర్లో నంబర్లుగా పడేవి. మధ్యాహ్నం బస్సులో వచ్చే పేపరు కోసం ఊరు ఊరంతా అరుగుల మీద కాచుకుని కూర్చునేది. మూడో క్లాసులో గట్టెక్కినవాడి ఇంట్లో కూడా ఆ రాత్రి పరవాన్నమే. నంబరు లేనివాడు సెప్టెంబరుకి కట్టేవాడు. అంతే తప్ప మా బడికి ఎంత శాతం వచ్చింది, పక్క ఊరి బడికి ఎంత వచ్చింది అని అడిగిన నరమానవుడు లేడు.

మరి ఏ బడి మంచిదో ఎలా తెలిసేదంటారా? హెడ్మాస్టరు పేరుతో తెలిసేది. ఫలానా ఆయన ఉన్న బడి అనేవారు. ఆయన బదిలీ అయితే వెంట పిల్లల్ని కూడా ఆ ఊరు పంపి, అక్కడ ఏ మేనత్త ఇంట్లోనో పెట్టి చదివించిన తండ్రులు నాకు తెలుసు. రెండోది ఇన్‌స్పెక్షన్. డీఈవో వస్తున్నారంటే బడికి సున్నం పడేది. ఆయన రికార్డులు చూసి వెళ్లిపోయే రకం కాదు. ఎనిమిదో తరగతిలోకి నేరుగా వచ్చి, వెనక బెంచీ వాణ్ణి లేపి, పుస్తకంలో లేని లెక్క ఒకటి చెప్పి బోర్డు మీద చేయమనేవారు. వాడు చేస్తే లెక్కల మాస్టారు మంచివారు, చేయకపోతే ఆ సాయంత్రం స్టాఫ్ రూములో ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. ముందు బెంచీ వాణ్ణి లేపితే ఏమొస్తుంది? వాడు బడి లేకపోయినా చదువుతాడు. ఆ మాత్రం తెలివి ఆనాటి అధికారికి ఉంది.

ఇదంతా విని మా రోజులు బంగారమని నా ఈడువాళ్లు చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఒకటో తరగతిలో మాతో పలకా బలపం పట్టినవాళ్లలో పదకొండు దాకా వచ్చింది గుప్పెడు మంది. ఆడపిల్లల్ని ఐదుతో ఆపేశారు. మాలపల్లె పిల్లలు గేదెల వెంట వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో మొద్దని ముద్రపడినవాణ్ణి కింది తరగతిలోనే రెండేళ్లు కూర్చోబెట్టడం ఆనాడూ ఉంది. కాబట్టి ఆ రోజుల్లో ఎవడైనా శాతం లెక్కగట్టి ఉంటే అదీ అబద్ధపు శాతమే అయ్యేది. కాకపోతే ఆ అబద్ధాన్ని ఫ్లెక్సీ మీదికి ఎక్కించి ఫీజు పెంచుకున్నవాడు లేడు.

ర్యాంకుల రుచి మనకి మొదట చూపించింది సర్కారు బళ్లే అంటే నేటి కుర్రకారు నమ్మరు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టారు. వెనకే తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. ప్రవేశ పరీక్ష పెట్టి, తెలివైన పల్లెటూరి పిల్లల్ని తీసుకొచ్చి, అన్నం పెట్టి, పక్కనే ఉండి చదివించారు. పదో తరగతి రాష్ట్ర ర్యాంకులంటే ఏళ్ల తరబడి ఆ మూడు పేర్లే వినపడేవి. పిల్లల్ని ఏరి తెచ్చుకుంటే ర్యాంకులు వస్తాయన్న రహస్యం అలా బయటపడింది. సర్వేలులో ఆ ఏరడం పేదవాడి బిడ్డని లోపలికి తేవడానికి. తర్వాత దుకాణాలు తెరిచినవాళ్లు అదే ఏరడాన్ని బయటికి తోయడానికి వాడుకున్నారు.

ఎలా తోస్తారో చెప్తాను, నేను బళ్లో జీతం తిన్నవాణ్ణే. ఆరో తరగతికే ఒక పరీక్ష. అందులో వడపోసినవాళ్లు ఒక సెక్షను, వాళ్ల పేరు పక్కన ఒలింపియాడ్ అనో, టెక్నో అనో, ఐఐటీ ఫౌండేషన్ అనో ఒక తోక. మంచి మాస్టర్లందరూ ఆ సెక్షనుకే. మిగతా సెక్షన్లు ఫీజుల కోసం. ప్రతి నెలా పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షను మార్పు. పన్నెండేళ్ల పిల్లాడు పొద్దున్నే నోటీసు బోర్డు ముందు తన పేరు ఏ గదికి జారిందో చూసుకోవాలి. తొమ్మిదో తరగతి చివర్న అసలు పని మొదలవుతుంది. బక్కచిక్కిన మార్కులవాడి తండ్రిని పిలుస్తారు. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "మీవాడికి మా ఒత్తిడి సరిపడదండీ, ఇంకెక్కడైనా ప్రశాంతంగా చదువుకుంటాడు" అంటారు. నాలుగేళ్లు ఫీజు కట్టించుకున్నప్పుడు సరిపడిన ఒత్తిడి పబ్లిక్ పరీక్ష ముందు సరిపడకుండా పోతుంది. చేతిలో టీసీ. మా ఎదురింటి కుర్రాడికి ఇదే జరిగింది. వాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరి శుభ్రంగా ప్యాసయ్యాడు. వాణ్ణి వదిలించుకున్న బడి ఆ ఏడు 'నూటికి నూరు శాతం ఉత్తీర్ణత' అని మా వీధి మలుపులోనే ఫ్లెక్సీ కట్టింది. అబద్ధం కాదు, లెక్కకి లెక్క సరిపోయింది.

ఇంకో కిటుకు. గుర్తింపు లేని బళ్లో చదువు, గుర్తింపు ఉన్న ఇంకో బడి పేరు మీద హాల్‌టికెట్. ఫలితం బాగుంటే 'మా విద్యార్థి', పోతే ఆ పేరు గలవాడు ఎవడో. పది ఊళ్లలో పది బ్రాంచీలుంటాయి, వాటన్నిటి మార్కులు పోగుచేసి ప్రతి బ్రాంచి గేటు మీదా అవే ముఖాలు. మీ ఊరి బ్రాంచిలో ఎవరికి ఎంత వచ్చిందో మాత్రం చెప్పరు.

సరే, ప్రైవేటువాడి సంగతి వదిలేయండి. ప్రభుత్వాలు చెప్పే శాతాలైనా బడి సంగతి చెప్తాయా? ఆంధ్రప్రదేశ్‌లో 2019 పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. కరోనా దెబ్బకి రెండేళ్లు పరీక్షే లేకుండా అందరూ ప్యాస్. 2022లో 67.26కి పడింది. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. అవే బళ్లు, చాలావరకు అవే మాస్టర్లు. ఒక్క పిల్లాడూ ప్యాసవని బళ్లు 2022లో 71 ఉంటే, రెండేళ్లకి 17 అయ్యాయి. రెండేళ్లలో యాభై పైచిలుకు బళ్లకి సరస్వతి పూనిందా? పేపరు మారింది, దిద్దే చెయ్యి మారింది, కరోనాలో పాఠాలు పోగొట్టుకున్న పిల్లలు పోయి వేరే పిల్లలు వచ్చారు. థర్మామీటరు మార్చి జ్వరం తగ్గిందన్నట్టుంది ఈ కొలత.

జిల్లాల వరసకైతే మరీ పట్టరాని మోజు. 2025లో పార్వతీపురం మన్యం జిల్లా 93.90 శాతంతో మొదటి స్థానం, అంతకుముందు రెండేళ్లూ దానిదే మొదటి స్థానం. ఆఖరి స్థానం అల్లూరి సీతారామరాజు జిల్లాది, 47.64 శాతం. రెండూ 2022లో పుట్టిన జిల్లాలే. రెండూ తూర్పు కనుమల్లో గిరిజనులున్న నేలే. ఒకటి నెత్తిన, ఒకటి పాదాల దగ్గర! ఇక్కడ కదా అడగాల్సింది: మన్యంలో ఏం చేశారు, అల్లూరి జిల్లా పాడేరు కొండల్లో ఏం చేయలేదు, ఆ మాస్టర్ ఎంత దూరం నుంచి వస్తున్నాడు, ఆ పిల్లాడి ఇంటి భాషకీ పుస్తకం భాషకీ ఎంత దూరం. తెలంగాణలోనూ అంతే, ఆ ఏడు మహబూబాబాద్ 99.29తో మొదట, వికారాబాద్ 73.97తో చివర. హైదరాబాద్ చుట్టూ అంతంత ఫీజుల బళ్లుండగా ఎక్కడో మహబూబాబాద్ పైనెందుకు ఉందని ఒక్కడైనా ఆగి ఆలోచించాడా? పట్టిక వేశాం, మంత్రిగారు చదివారు, మర్నాటికి మరిచిపోయాం. చివరి జిల్లా డీఈవో మాత్రం మరవలేడు, ఆయనకి సంజాయిషీ నోటీసు వస్తుంది.

ఈ జాడ్యం వదిలించాలని మధ్యలో ప్రయత్నాలు జరగలేదని కాదు. 2012లో మార్కులు తీసేసి గ్రేడ్లు తెచ్చారు. ఏమైంది? పదికి పది వచ్చినవాళ్ల ఫోటోలతో ఫ్లెక్సీలు ఇంకా పెద్దవయ్యాయి. ఆపైన బడి చేతిలో 20 అంతర్గత మార్కులు పెట్టారు. తన పిల్లాడికి తానే మార్కులు వేసుకొమ్మంటే తగ్గించి వేసే బడి ఎక్కడుంది? ఆంధ్రప్రదేశ్ మళ్లీ మార్కుల దారి పట్టింది, 2025 నుంచి తెలంగాణ కూడా. ర్యాంకుల ప్రకటనలు వేయకూడదని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 1997 నాటి పరీక్షల అక్రమాల నిరోధక చట్టం కింద మూడు నుంచి ఏడేళ్ల జైలని అందులో రాసింది కూడా. దుకాణందారు మనకంటే తెలివైనవాడు. ర్యాంకు అనే మాట తీసేసి '590 పైన ఇంతమంది, 580 పైన ఇంతమంది' అని వేసుకున్నాడు.

తమాషా ఏమిటంటే, బళ్లన్నీ ఒక్కలాంటివి కావని ప్రభుత్వానికి తెలుసు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు సీట్లు పదో తరగతి ప్రతిభ మీదే. గ్రేడ్ల రోజుల్లో సర్కారు బడి పిల్లాడికి అదనంగా 0.4 పాయింట్లు కలిపేవారు. అంటే ఏమిటి? ఆ పిల్లాడి 9.6, గాజు గదిలో చదివినవాడి పదితో సమానమని రాజముద్ర వేసి ఒప్పుకున్నట్టే. సీటు ఇచ్చేటప్పుడు ఒప్పుకున్న ఆ మాట, బళ్ల పట్టిక వేసేటప్పుడు ఎందుకు గుర్తు రాదు?

ఆ పట్టిక కింద నలిగేది జిల్లా పరిషత్ బడి. గేటు దగ్గరికి ఎవరొచ్చినా కాదనకూడని బడి అదొక్కటే. కూలికి వెళ్లి మిగతా రోజుల్లో వచ్చేవాడు, వలసపోయి సంక్రాంతికి తిరిగొచ్చినవాడు, ప్రైవేటు బడి టీసీ ఇచ్చి పంపినవాడు, అందరూ దాని లెక్కలోకే వస్తారు. అక్కడి మాస్టర్లకి వంద రోజుల ప్రణాళికలు, సీ గ్రేడ్ పిల్లల దత్తత, పొద్దున్న స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, ఆదివారం రివిజన్. పరీక్ష రాని తరగతుల గోడు అడిగేవాడు లేడు. ఏడో తరగతికి భాగహారం రాదని మొత్తుకుంటే "ముందు పదో తరగతి సంగతి చూడండి" అనే జవాబు నేనే విన్నాను. పదిలో అడుగుపెట్టేసరికి ఆ భాగహారం రానివాడే కదా వీళ్లు దత్తత తీసుకునేది!

ఒక్క మనవి. జూన్‌లో పిల్లల్ని చేర్చేముందు ఆ ఫ్లెక్సీలో అంకెలు చదవకండి. లోపలికి వెళ్లి రెండు అంకెలు అడగండి. ఇప్పుడు పదో తరగతి రాసిన బ్యాచిలో ఐదేళ్ల క్రితం ఆరో తరగతిలో చేరినవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఈ బడి పేరు మీద హాల్‌టికెట్ తీసుకున్నవాళ్లు ఎంతమంది? అడ్మిషను రిజిస్టరు తెరిచి చూపించమనండి. చూపించే బళ్లో చేర్చండి. మా హెడ్ ఆఫీసుని అడగాలండీ అంటే, ఇచ్చిన కాఫీ తాగేసి బయటికి రండి.