ఎక్కేవాణ్ణి ఏడిపించే కోట

జపాన్‌లోని హ్యోగో ప్రాంతంలో, అసాగో పట్టణంలో 353 మీటర్ల కొండ మీద తకెదా కోట శిథిలాలున్నాయి. 15వ శతాబ్దం మధ్యలో ప్రభువు యమనా సోజెన్ దీన్ని కట్టించాడని ప్రతీతి. ఆయన సామంతులైన ఓతగాకి వంశీయులు కోటను కాపాడేవారు.

ఆ కాలపు కొండకోటల సూత్రం ఒక్కటే: శత్రువును చంపడం కన్నా ఆయాసపెట్టడం చవక. రైల్వేస్టేషన్ వెనక మొదలయ్యే కాలిబాట సుమారు 40 నిమిషాల నడక అంటారు. ఆ లెక్క కట్టినవారు మోకాళ్ళను సంప్రదించినట్టు లేదు. తీరా పైకి చేరాక ద్వారం ఎదురుగా స్వాగతం చెప్పదు. దారి చటుక్కున పక్కకు తిరిగి గోడ ముందు నిలబెడుతుంది. వెనకటికి శత్రు సైనికుడు ఆ మలుపులో చిక్కితే పైనుంచి బాణాలు తినాల్సిందే. నేటి యాత్రికుడు అక్కడే ఆగి మంచినీళ్ళు తాగుతాడు. రొప్పడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు.

కొండ ఎంత ఆయాసపెట్టినా 1577లో సేనాని హిదెయోషి తమ్ముడు హిదెనగా కోటను పట్టేశాడు. దగ్గర్లోనే ఇకునో వెండి గని ఉండేది మరి; వెండి కనబడితే ఆయాసం తెలియదు. చివరి ప్రభువు అకమత్సు హిరోహిదె, 1600లో దేశాన్ని రెండుగా చీల్చిన యుద్ధంలో ముందు పడమటి కూటమిలో ఉండి, ఆ పక్షం ఓడాక తూర్పు కూటమిలోకి మారాడు. అయినా తొత్తొరి పట్టణాన్ని తగలబెట్టాడన్న నింద మోసి ప్రాణం తీసుకోవాల్సి వచ్చింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే అదే. ఆ ఏడే కోట పాడుపడింది.

కలప కట్టడాలు పోయాయి, రాతిగోడలు మిగిలాయి. వీటిలో సున్నం లేదు. చెక్కని రాళ్ళను పెద్దవీ చిన్నవీ కలిపి పేర్చారు. సందుల్లోంచి వాన నీరు బయటికి పోతుంది కనుక గోడ ఉబ్బి కూలదు. ఉత్తర దక్షిణాలుగా 400 మీటర్ల మేర ఈ గోడలు నాలుగు శతాబ్దాలుగా నిలబడే ఉన్నాయి.

శరదృతువులో రాత్రి చలికి మరుయమా నది మీద లేచే పొగమంచు లోయను నింపుతుంది. అప్పుడు కోట మబ్బుల్లో తేలుతున్నట్టుంటుంది. అందుకే దానికి ఆకాశకోట అని పేరు. చిక్కల్లా ఒక్కటే: ఆ వింత కోటలో నిలబడ్డవారికి కనబడదు. 2012లో వచ్చిన ‘అనాతా ఎ’ సినిమాలో ఈ చోటు కనిపించాక జనం పోటెత్తారు. ముట్టడులను చూసిన నేల బూట్లకు ఓడింది. గడ్డి చచ్చి, మట్టి కొట్టుకుపోవడంతో కంచెలు వేసి నడకదారులు ఏర్పాటు చెయ్యాల్సి వచ్చింది.

కాబట్టి మబ్బుల్లో తేలే కోట కావలసినవారు తెల్లవారకముందే ఎదురుకొండ మీది రిత్సుఉన్‌క్యోకు వెళ్ళాలి. రాళ్ళు కావలసినవారు మంచు విడిచాక కోట ఎక్కాలి. రెండూ ఒకే ఉదయం చూడాలనుకునేవారు రెండు కొండలూ ఎక్కడానికి సిద్ధపడి రావాలి.