ఆన్‌లైను అంతేవాసి

అంతేవాసి యనగా గురువు చెంత నివసించువాడని నిఘంటువులు చెప్పును. నేను చెప్పబోవు అంతేవాసికిని అతని గురువునకును నడుమ సప్తసముద్రములు కాకున్నను ఒకటి రెండైన నుండును. అయినను గురుముఖము అతని అరచేతిలోనే, ఆరంగుళముల అద్దములో, వెలుగుచుండును. గురువు నిదానముగా పలుకుచున్నాడని తోచినచో ఒకటిన్నర రెట్ల వేగమున పలికించుటయు, విసుగు పుట్టినచో వాక్యమధ్యముననే ఆయన నోరు మూయించుటయు శిష్యుని బొటనవ్రేలి యధీనము. ఏకలవ్యుడు బొటనవ్రేలిని గురువున కిచ్చినాడు. ఇతడు దానితోనే గురువును నడుపుచున్నాడు.

వయస్సు నలుబదికి అటునిటు. వృత్తి ఒక దుకాణమున లెక్కలు వ్రాయుట. పైథాన్ రానివానికి ఇక బ్రతుకు లేదని మేనల్లుడెవ్వడో పలికిన నాటినుండి విద్యాతృష్ణ అంకురించినది. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల శిక్షణాలయములు తొలి దినములలో డెమో యను పేర ఉచితముగా పాఠము చెప్పుట పాత ఆచారమే, ఆ పాఠములు జూములోనికి వచ్చి మెట్లెక్కు శ్రమ తప్పిన పిమ్మట, మనవాడు ఒక్క మాసమున తొమ్మిది డెమోలు విని, ప్రతి గురువు "వాయిస్ వినబడుతోందా? స్క్రీన్ కనబడుతోందా?" అని ప్రశ్నించుటయే తడవుగా అందరికంటె ముందు "ఎస్ సార్" అని వ్రాసి, ఫీజు మాట రాగానే నెట్‌వర్కు దోషమున అంతర్ధానము చెందెడివాడు. ఐఐటీలును బెంగుళూరు ఐఐఎస్సీయును కలసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్ పాఠములను సయితము చవిచూచెను. అవి ఉచితములే, కాని సర్టిఫికెట్టు కావలెనన్న రుసుము చెల్లించి, పరీక్షాకేంద్రమునకు పోయి, కాపలా నడుమ కూర్చుండవలెను. ఈ నిబంధన విద్యాస్ఫూర్తికి విరుద్ధమని అతని యభిప్రాయము.

"నేటితో సరి" యని వారమువారము ప్రకటింపబడు తగ్గింపు ధరలకు అతడు కొన్న కోర్సులు ముప్పది యొకటి. వాని యన్నింటను ఇన్‌స్టలేషను అధ్యాయము వరకు అతని పాండిత్యము నిరుపమానము. విండోసులో పైథానును స్థాపించునపుడు 'పాత్' గడిలో టిక్కు పెట్టుట మరచినచో కలుగు అనర్థములను పురాణము చెప్పినట్లు చెప్పగలడు. కెర్నిగాన్, రిచీలు 1978లో వెలువరించిన సీ భాషాగ్రంథము వలన లోకాచారమైన 'హలో వరల్డ్' అను పలకరింపును ఏడు భాషలలో పలికినవాడే, ఏ యొక్క భాషలోను లోకముతో రెండవ మాట ఆడి యెరుగడు.

అతని మనస్సును గట్టిగా పట్టినది హార్వర్డు వారి సీఎస్50 లో డేవిడ్ మలాన్ చెప్పు తొలి పాఠము. వెయ్యి పుటల టెలిఫోను డైరెక్టరీలో ఒక పేరును వెదకుటకు నడిమికి చించి, అక్కరలేని సగమును పారవైచి, మిగిలినదానిని మరల నడిమికి చించుచు పోయినచో సుమారు పది చింపులలో కార్యము తీరునని ఆయన చించి చూపును. ఆ కోర్సున వారములను సున్న నుండి లెక్కింతురు గనుక, ఏండ్ల తరబడి సున్నలోనే యుండుట మనవానికి వెనుకబాటుగా తోపలేదు. నాల్గవ వారమున మెమరీని గూర్చిన పాఠమున్నదట. అచ్చటికి చేరువాడు కాడు.

ఇంట డైరెక్టరీ లేదు, పంచాంగ మున్నది. వరుసలో నున్నదానియందే ఈ విద్య చెల్లునను నియమమును అతడు మరువలేదు, అంతమట్టుకు మెచ్చవలసినదే. తమ్ముని గృహప్రవేశమునకు మాఘమాసమున ముహూర్తము చూడవలసివచ్చి, భాద్రపదాంతమున ఒకమారు, మార్గశిరాంతమున మరియొకమారు చించి, తొలగిన భాగములను కిటికీలోనుండి వీధికి విడిచి, "చూశావా, రెండు చింపులకి తొమ్మిది నెలలు పోయాయి!" అని భార్యవంక గర్వముగా చూచెను. చింపక వ్రేలు పెట్టి తిరుగవైచినను ఫలమొక్కటే యని ఆమెకు ఏ కోర్సు వినకుండగనే తెలియును.

"పోయినవాటిలో శ్రావణం కూడా ఉందండీ. వరలక్ష్మీ వ్రతం ఏ శుక్రవారమో ఇప్పుడు ఎవర్ని అడగను?"

అతడు ఒక నిమిషము చింతాక్రాంతుడై, పిదప డేటా బ్యాకప్పును గూర్చిన కోర్సు నొకదానిని, నేటితో సరి యను ధరకు, ముప్పది రెండవదిగా కొనెను.

"వర్షం వచ్చేలా ఉంది, ఆ కాగితాలైనా ఏరుకురండి" అని వాకిటినుండి కేక.

"ఉండవే, ఇన్‌స్టాల్ అవుతోంది!"